నమ్మదగిన వ్యక్తి

కొడుకు ఆమెకి జానెడు దూరంలో కూర్చున్నాడు. ఆ జానెడు ఎందుకు వదిలాడా అని ఆమె అప్పటికి పదిసార్లు అనుకుని ఉంటుంది. ఇనుప బెంచీ ఇరుకు. అవతల కూర్చున్న ముసలాయన మోకాలు తగులుతున్నా వాడు అటే ఒదిగాడు గానీ ఇటు జరగలేదు. తెలిసిపోయిందేమో, ఎవరైనా చెవిన వేశారేమో. లేదు, తెలిసి ఉంటే ఇలా కూర్చోడు, అసలు తనని వెంట రానివ్వడు, వచ్చినా బస్సులో కిటికీ పక్క సీటు తనకి ఇవ్వడు. ఇచ్చాడుగా. కూర్చోమ్మా, గాలి తగులుతుంది అన్నాడుగా. తెలియదు. ఇంకా తెలియదు. చీటీ మీద నలభై మూడు, తలుపు మీది పెట్టెలో ఎర్రగా ముప్ఫై ఎనిమిది. ఇంకా ఐదుగురు. ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా గంట, గంటలో ఆ తలుపు వెనక ఉన్న పోలీసు ఆఫీసరు జలుబు చేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఇందాకటి నుంచి తుమ్ముతూనే ఉన్నాడు, కరెంటు పోవచ్చు, కాగితం కనపడకపోవచ్చు, లేదా అన్నీ సవ్యంగా ఉండి, కాగితం దొరికి, ఆయన గొంతు సవరించుకుని అందులో ఉన్న పేరు పైకి చదవొచ్చు. ఆ చివరిదాని దగ్గరికి వచ్చేసరికి చీటీ మళ్ళీ తీసి చూసుకుంది. సాయంత్రం ఐదులోపల వీడి పేరు రిజిస్టరులో లేదన్న కాగితం పట్టుకెళ్ళకపోతే లిఫ్టుల కంపెనీ వాళ్ళు ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. పద్నాలుగు మందిలో ముగ్గురిని తీసుకున్నారు, ఆ ముగ్గురిలో వీడొకడు, జీవితంలో మొదటిసారి వీడు ఏదో ఒక జాబితాలో మంచివైపు ఉన్నాడు.

రెండో జాబితా గోడ మీద ఉంది, అద్దం వేసి, మేకుకి తగిలించి. ఏడో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు కూడబలుక్కుంటే గానీ వాక్యం నోటికి రాదు, అయినా కూర్చున్నప్పటి నుంచి నాలుగుసార్లు చదివింది. ఒక మనిషిని ముఠా సభ్యుడిగా రిజిస్టరులో చేర్చడానికి ఆరు గుర్తులట. తనంతట తాను ఒప్పుకోవడం. ముఠా వాళ్ళు కట్టే రంగు బట్టలు కట్టడం. మారుపేరు ఉండటం. రిజిస్టరులో ఉన్నవాడితో ఫోటోలో కనపడటం. ముఠా తిరిగే చోట కనపడటం. నమ్మదగిన వ్యక్తి సమాచారం ఇవ్వడం. మూడు ఉంటే చాలు. వీడికి ఐదు పడ్డాయి. ఐదేళ్ళు ఉంటుందట పేరు, ఈలోపు మళ్ళీ ఏదైనా గుర్తు పడితే అక్కడి నుంచి ఇంకో ఐదేళ్ళు. చేసిన నేరం ఏమిటి అని పదిరోజుల కిందట పోలీసుల ఉత్తరం రాగానే వీళ్ళ నాన్న అడిగాడు, గోదాములో క్రేను నడిపి నడిపి మెడ పట్టేసిన మనిషి, ఒళ్ళంతా అటు తిప్పి అడిగాడు. నేరం ఏమీ లేదు నాన్నా అన్నాడు వీడు, నేరం ఉంటే కోర్టు ఉంటుంది, కోర్టుంటే వకీలుంటాడు, ఇది ఉత్త పుస్తకం. ఆయనేమో, మరి పుస్తకంలో పేరు కొట్టేయమను అన్నాడు, గోదాములో బస్తా తప్పు రాస్తే కొట్టేసినంత తేలిగ్గా. ఆమె మాత్రం వంటగదిలో నిలబడి ఉత్తరంలో ఆరో గుర్తు దగ్గర టిక్కు చూసింది. నీలి సిరా టిక్కు, పొడుగు తోకతో. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నా చెయ్యి లేవలేదు.

మారుపేరు అట. మారుపేరు, పిల్లి. గోడలెక్కేవాడనుకున్నారు కాబోలు, చప్పుడు లేకుండా ఇళ్ళల్లో దూరేవాడనుకున్నారు కాబోలు. ఏడో నెలలోనే పుట్టాడు వీడు, ఏడవడానికి ఊపిరి చాలక మ్యావుమన్నాడు, నర్సు నవ్వి, పిల్లి పుట్టింది నీకు అంది, ఆ పేరే ఉండిపోయింది. తెల్లవార్లూ ఛాతీ మీద వేసుకుని ఊపిరి లెక్కపెట్టేది. ఆగిపోతుందేమో, నిద్ర పట్టిన ఆ ఒక్క నిమిషంలోనే ఆగిపోతుందేమో. పెద్దయ్యాక కూడా ఆగలేదు ఆ లెక్క. మెట్లెక్కే చప్పుడు లెక్క, బస్సు దిగే టైము లెక్క. నువ్వు పిల్లాణ్ణి కనలేదే అక్కా, గుండెనొప్పిని కన్నావు అని చెల్లెలు నవ్వేది. ముద్ద మింగకపోతే ఏమనేది తను? పోలీసుకి పట్టిస్తా. నీళ్ళు పోయించుకోకపోతే, సందు దాటితే, పక్కింటి పిల్ల బొమ్మ లాక్కుంటే, పట్టిస్తా, అదిగో వస్తున్నాడు, టోపీ పెట్టుకుని వస్తున్నాడు. వాడు కళ్ళు ఇంతింత చేసుకుని గబగబా మింగేవాడు. అందరు తల్లులూ అంటారు. అందరూ అన్నారు, ఆ వీధిలో అనని ఇల్లు లేదు. కానీ ఎవరూ నిజంగా వెళ్ళి...

పెట్టె టింగుమంది. ముప్ఫై తొమ్మిది. తల్లీ కూతురూ లేచారు. తలుపు దగ్గరి బంట్రోతు, పొట్ట మీద చేతులు కట్టుకున్న లావుపాటి మనిషి, ఒకళ్ళే, ఒకళ్ళే అని ఆపాడు. ఆవిడ మా అమ్మ సార్ అంటే, అమ్మలుంటే లోపల పని తెమలదమ్మా అన్నాడు, అని తనే నవ్వుకుని వదిలేశాడు. అమ్మలుంటే పని తెమలదు. ఎందుకన్నాడు ఆ మాట? తనని చూసి అన్నాడా? జిరాక్సు మిషను వేడి వాసన ముక్కుకి తగులుతోంది, తను పనిచేసే ఆసుపత్రిలో ఇస్త్రీ గదిలో దుప్పట్లు మాడే ముందు ఇలాంటి వాసనే వస్తుంది. ఈపాటికి తన కుట్టుమిషను మీద కవరు కప్పే ఉంటుంది, పక్క బల్ల ఆవిడ ఏమైంది ఈ రోజు రాలేదని అడుగుతూ ఉంటుంది, ఒంట్లో బాగాలేదని చెప్పింది తను, పోలీసు ఆఫీసుకని చెబుతుందా ఎవరైనా. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే పని. నడుమ పలచబడ్డ దుప్పటిని నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకి తెచ్చి కలిపి కుడితే ఇంకో రెండేళ్ళు వస్తుంది. కుట్టు రోగి వీపుకి గుచ్చుకోకుండా చదునుగా రావాలి. అది తనకొచ్చినట్టు ఎవరికీ రాదు. ఆ చేతులతోనే కుట్టింది ఐదు చొక్కాలూ.

ఆపరేషను గదుల ఆకుపచ్చ గుడ్డ, ఒక తాను మొత్తం రంగు తేడా వచ్చిందని పక్కన పడేశారు. స్టోరు మేడమ్, తీసుకుపో, మూల పడుంటే ఎలకలు కొడతాయి అంది. నోటిమాటే, కాగితమేమీ లేదు. వీడూ వీడి స్నేహితులూ నలుగురు ఖాళీ స్థలంలో బంతాట ఆడేవాళ్ళు, చినిగిన బనీన్లతో. ఒకేసారి గుడ్డ ఐదు మడతలు వేసి, ఒకే కత్తిరింపుకి ఐదు చొక్కాలు దించింది. అలా కోస్తే గుడ్డ మిగులుతుంది, అదీ ఆలోచన. కాలర్లు కూడా పెట్టింది పిచ్చిది. పొడుగుగాడు, వీడి చిన్ననాటి స్నేహితుడు, చేతులు మోకాళ్ళ దాకా ఉండే పిల్లాడు, ఆంటీ నా చేతులకి గుడ్డ చాలిందా అని అడిగితే, నీ చేతులకి ఇంకో ఆసుపత్రి కావాలి అంది తను, అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వే ఫోటోలో ఉంది. ఐదుగురూ పచ్చ చొక్కాలు, భుజాల మీద చేతులు. పొడుగుగాడి అన్న ఫోన్లు లాక్కుంటూ దొరికాడు, అన్న దొరికాడని తమ్ముణ్ణీ రిజిస్టరులో ఎక్కించారు, తమ్ముడి పక్కన ఉన్నాడని వీణ్ణి. రంగు ఒకటి, ఫోటో రెండు, ఖాళీ స్థలం మూడు, పిల్లి నాలుగు. చొక్కాలు నేనే కుట్టాను సార్ అని చెబుదామని నిన్నంతా అనుకుంది. గుడ్డ ఎక్కడిది అంటే? కాగితం చూపించు అంటే? స్టోరు మేడమ్ రిటైరైపోయింది, ఆసుపత్రి గుడ్డ ఎత్తుకొచ్చిందని అంటే, ఉద్యోగం, పెన్షను... చూశావా, అప్పుడే నీ సంగతి చూసుకుంటున్నావు అని తనని తనే కసిరింది. వాటికైతే జవాబులున్నాయి. ఏడుస్తూనో నవ్వుతూనో చెప్పొచ్చు. ఐదోదానికే, ఆ నమ్మదగిన వ్యక్తికే లేదు.

కొడుకు ఫోను తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ చేయరు ఇప్పుడు. పొడుగుగాడితో మాటల్లేవు. ఉత్తరం వచ్చిన రాత్రి నుంచి వీడికి ఒకటే ధ్యాస, ఎవడా నమ్మదగిన వ్యక్తి. నాకు పడనివాడెవడు, నా మీద ఎవడికి కడుపుమంట. ముందు ఫోన్ల కొట్టువాడన్నాడు, తర్వాత కింది వాటాలో అద్దెకున్నాయన అన్నాడు. చివరికి పొడుగుగాడే అన్నాడు. వాడే, వాడి మీది కేసు తేలిక చేయించుకోడానికి నా పేరు ఇచ్చుంటాడు అని అన్నం పళ్ళెం ముందు కూర్చుని అంటుంటే, తను కూర వడ్డిస్తూ ఉంది. వడ్డిస్తూనే ఉంది. వాడు అలాంటివాడు కాదురా అంది. నీకేం తెలుసమ్మా అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, పంటికి తగిలింది, తెల్లారి చెబుదామనుకుంది, తెల్లారేసరికి వీడు పిడికిలి వాచిపోయి ఇంటికొచ్చాడు. గోడకి తగిలింది అన్నాడు. గోడకి తగిలిందనే నమ్మింది తను, నమ్మదలచుకుంది, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కట్టింది.

నలభై. నలభై తర్వాత లోపల ఆఫీసరు ముక్కు చీదుకున్నాడు, తలుపు సందులోంచి వినపడింది. బంట్రోతు లోపలికి వేడినీళ్ళు పట్టుకెళ్ళాడు.

రెండేళ్ళ కిందట ఏమైందని వెళ్ళింది తను? ఏమీ కాలేదు, అదే విచిత్రం. రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. చొక్కా ఉతుకుతుంటే సిగరెట్టు వాసన. జేబులో ఒక తాళంచెవి, ఆ ఇంట్లో ఏ తాళానికీ పట్టనిది. దానితో ఆమె మనసులో ఎన్ని తలుపులు తెరిచిందో ఆ రెండు రోజుల్లో: దొంగసొత్తు పెట్టిన గది, కత్తులున్న పెట్టె, ఎవరిదో బండి, బండి కింద ఎవరో. పొడుగుగాడి అన్న అప్పుడే దొరికాడు. తర్వాత తెలిసింది, అది బంతులూ వలా పెట్టుకునే ఇనప్పెట్టె తాళమని. తర్వాతే తెలిసింది. బాబూ ఇదేమిటి అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే అబద్ధం చెబుతాడేమోనని భయం, నిజం చెబుతాడేమోనని ఇంకా భయం. వీధి మలుపులో బీటు చూసే కానిస్టేబులు ఉండేవాడు, తలంతా నెరిసిన మంచి మనిషి, ఆసుపత్రిలో వాళ్ళ అమ్మ మంచంలో ఉన్నప్పుడు దుప్పటి మార్పించి పెట్టింది తను. వెళ్ళింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"మావాడు ఆ గుంపులో తిరుగుతున్నాడు సార్. కాస్త బెదిరించండి, దారికొస్తాడు. నేను చెప్పానని మాత్రం వాడికి చెప్పకండి."

"చెప్పనమ్మా. నాకూ పిల్లలున్నారు."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. పేరు మర్చిపోకుండా రాసుకుంటున్నాడనుకుంది, నిజంగా, ముసలాయన కదా మరుపుంటుంది అనుకుంది. మర్నాడు వీణ్ణి పిలిచి గంటసేపు స్టేషను బయట నిలబెట్టాడు, మంచీ చెడూ చెప్పి పంపాడు. వీడు నెలరోజులు దీపాలు పెట్టకముందే ఇంటికొచ్చేవాడు. ఆ నెల ఆమె హాయిగా నిద్రపోయింది, వాడు పుట్టిన తర్వాత ఊపిరి లెక్కపెట్టకుండా నిద్రపోయిన ఒక్క నెల. కానిస్టేబులు ఎక్కడికో బదిలీ అయిపోయాడు. మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. చిన్న పుస్తకంలోంచి ఆమె చెప్పిన మాట పెద్ద పుస్తకంలోకి వెళ్ళింది, అక్కడి నుంచి కంప్యూటరులోకి. ఎన్ని చేతులు మారినా ఎవరూ ఆమె పేరు బయటపెట్టలేదు. అంత గౌరవంగా ఆమె మాటని జీవితంలో ఇంకెవరూ దాచిపెట్టలేదు.

లిఫ్టు పడిపోతే? అని అడిగింది తను ఆ మధ్య, ఉద్యోగం వచ్చిందని వాడు చెప్పగానే, సంతోషం కన్నా ముందు అదే వచ్చింది నోటికి. పడదమ్మా అని రెండు చేతులూ పెట్టి చూపించాడు, తాడు తెగినా పక్కన పట్టాలుంటాయి, వాటిని దవడల్లా కరిచి పట్టుకునే బ్రేకులుంటాయి, నువ్వు పడమన్నా పడదు. అలా ఏదైనా చెప్పేటప్పుడు వాడి ముఖం ఎంత బాగుంటుంది. ఆ ముఖం చూసి పదిరోజులైంది. పక్కకి తిరిగి చూసింది. వాడు గోడ మీది జాబితానే చూస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. బాబూ అంది. ఊఁ అన్నాడు. దాహంగా ఉందా అంది. లేదన్నాడు. చెప్పు, ఇప్పుడే చెప్పు, ముసలాయన చెవిటివాడిలా ఉన్నాడు, చెప్పు. బాత్రూముకి వెళతావా అంది. అమ్మా, నేనింక చిన్నపిల్లాణ్ణా అన్నాడు, అయినా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఎలా చెబుతుంది.

నలభై ఒకటి పిలిస్తే ఎవరూ లేవలేదు. నలభై రెండు ముసలాయన. వెళ్ళినంత సేపు పట్టలేదు, బయటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆమె గొడుగు పట్టుకుని వెనక పరిగెత్తబోయింది. పరిగెత్తితే కాసేపైనా ఈ తలుపుకి దూరంగా ఉండొచ్చు. టింగుమంది. నలభై మూడు. బంట్రోతు ఈసారి ఇద్దర్నీ ఆపలేదు.

లోపల గది అనుకున్నంత పెద్దది కాదు. ఆఫీసరు కుర్రవాడే, ముక్కు ఎర్రబడి, మెడకి మఫ్లరు. కూర్చోండమ్మా అన్నాడు, కోప్పడేవాడైనా బాగుండుననిపించింది. కొడుకు చక్కగా చెప్పాడు, ఎక్కడా గొంతు పెంచలేదు. పిల్లి సంగతి చెబితే ఆఫీసరు నవ్వి, నన్ను ఇంట్లో బుడ్డోడంటారు, ఇంకా నయం అని ఆ గుర్తు తనే కొట్టేశాడు. చొక్కాల దగ్గర ఆమె నోరు తెరిచింది, నేనే కుట్టాను సార్, ఆసుపత్రి గుడ్డ; ఎక్కడిదని ఆయన అడగలేదు. బంతాట జట్టు బట్టలని ఒక మాట రాసి అదీ కొట్టేశాడు. ఇంత తేలికా! ఇంత తేలికైతే ఈ పదిరోజులూ ఎందుకు చచ్చాం. ఫోటో ఉంటుంది, చోటు ఉంటుంది, ఆ రెండూ నేను తీయలేను అన్నాడు ఆయన, కానీ రెండింటితో పేరు నిలబడదు, మూడు కావాలి. పెన్ను చివరి గుర్తు మీద ఆగింది. ఇది ఒక్కటి పోతే ఇప్పుడే సంతకం పెట్టి ఇచ్చేస్తాను బాబూ. దీన్ని నేను ముట్టుకోకూడదు. చెప్పినవాళ్ళే వచ్చి, మేం పొరబడ్డాం అని రాసివ్వాలి.

"ఎవరు సార్ వాళ్ళు?"

"చెప్పకూడదు. పేరు బయటికి రానివ్వద్దని వాళ్ళే కోరారు."

"ఎవరో తెలియకుండా నేనెక్కడి నుంచి తీసుకురాను?"

ఆయన దగ్గాడు. దగ్గుతున్నంతసేపూ ఆమెకి టైము దొరికింది. గోడ గడియారంలో పదకొండున్నర. ఇక్కడి నుంచి కంపెనీకి రెండు బస్సులు. దగ్గు ఆగిపోతుందేమోనని చూసింది, ఆగింది.

"నేనే సార్" అంది.

ఆఫీసరు కంప్యూటరు వైపు ఒకసారి చూసి, కాదనలేదు. కొడుకు ఆమె వైపు తిరగడానికి చాలాసేపు పట్టింది. తిడతాడనుకుంది, కుర్చీ తన్నేస్తాడనుకుంది, అన్నీ అనుకుంది, జరిగినదొక్కటే అనుకోలేదు. వాడి ముఖంలో కోపం రాలేదు. చిన్నప్పుడు ముద్ద గబగబా మింగేటప్పటి కళ్ళు వచ్చాయి.

"వాణ్ణి కొట్టానమ్మా" అన్నాడు. "పొడుగుగాణ్ణి. పన్ను ఊడింది."

బెదిరించమనే అన్నాను, ఉత్తినే బెదిరించమన్నాను, నాకేమీ తెలియదు సార్, తాళంచెవి చూసి భయపడ్డాను, అది వల పెట్టె తాళం అని ఆమె ఒకదాని మీద ఒకటి చెబుతూ పోయింది. రాసిస్తాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఆఫీసరు సొరుగులోంచి కాగితం తీశాడు, ఆమె చెయ్యి చాపింది, కానీ ఆయన ఆ కాగితం ఇటు తోయలేదు. కాగితం పైన ముందుగా అచ్చయి ఉన్న వరుస ఒకటి చదువుకుంటున్నాడు. ఇలా చాలామంది వస్తారమ్మా అన్నాడు, ముందు చెబుతారు, తర్వాత ఎవరి గురించి చెప్పారో వాళ్ళతోనే కలిసి వచ్చి కాదంటారు. అందుకని ఒక పద్ధతి ఉంది. ఇష్టపడి మార్చుకుంటున్నారా, మార్పిస్తున్నారా అని మేం విడిగా అడగాలి. ఒత్తిడి ఉందనిపిస్తే పాత గుర్తు ఉంటుంది, దాని పక్కన చెప్పినవాళ్ళని బెదిరించాడని ఇంకొకటి పడుతుంది. నువ్వు కాసేపు బయట ఉండు బాబూ.

వాడు అప్పటికే లేచాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు, అలవాటు ప్రకారం. గాజుపలక మీద వాడి భుజం నీడ ఒక క్షణం ఆగి, తప్పుకుంది. బెంచీ వైపు వెళ్ళాడా, మెట్ల వైపు వెళ్ళాడా? చెవులు రిక్కించింది. జిరాక్సు మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు ఎవరూ లేరమ్మా" అన్నాడు ఆఫీసరు, చాలా మెల్లగా, సొంత మేనల్లుడిలా. "దాచకుండా చెప్పండి. ఇంట్లో మీకు భయంగా ఉందా?"

భయం. ఇరవై ఏళ్ళుగా ఉంది బాబూ, వాడు పుట్టిన రోజు నుంచి ఉంది, గ్యాసు కట్టేశానా లేదా అని ఉంది, ఫోను మోగితే ఉంది, మోగకపోతే ఉంది, మెట్ల మీద అడుగులు వినపడితే ఉంది, ఆగిపోతే ఉంది. ఇప్పుడు వాడు ఏ వైపు వెళ్ళాడో అని ఉంది. ఇంట్లో ఎప్పుడూ నమ్మకంగా ఉన్నది భయం ఒక్కటే. అదంతా గొంతులోకి వచ్చింది. ఆమె దాన్ని మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేతులు బల్ల అంచుని పట్టుకుని వణకసాగాయి, ఆపుదామంటే ఆగలేదు.

"లేదు" అంది.

ఆఫీసరు ఆమె చేతుల వైపు చూశాడు. కళ్ళజోడు సర్దుకుని, పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాడు. వరుస నిండింది, కింది వరుసలోకి వెళ్ళాడు, అదీ నిండింది, కాగితం తిప్పాడు. ఒక్క మాట చెప్పింది తను, రెండక్షరాల మాట. దానికి అంతసేపు రాయడానికి ఏముందో ఆమెకి అర్థం కాలేదు.